పొయ్యి పక్కన బ్యాడ్జి

మా మరిది తన బ్యాడ్జి ఎక్కడ తగిలించేవాడో ముందు చెప్పేస్తాను. అది చెప్పకుండా మిగతాది ఎంత చెప్పినా దండగే.

మా బేకరీలో పొయ్యి పక్కన గోడకి ఒక మేకు ఉంది. ఏప్రాన్ తగిలించుకోవడానికి నేను కొట్టుకున్న మేకు. మా చెల్లెలి మొగుడు పొద్దున్నే ప్లాంటు బస్సుకి పరిగెత్తే ముందు మెడలోంచి బ్యాడ్జి తీసి, ఆ మేకుకి వేలాడేసి, ఏమీ ఎరగనట్టు ఈల వేసుకుంటూ వెళ్లిపోయేవాడు. అగ్గిపెట్టె అంత ఉంటుందది. అణు ప్లాంటులో శుభ్రం చేసే పనికి వెళ్లే ప్రతివాడి మెడలోనూ ఉండాలి. ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో అది పట్టుకుంటుంది. నెలాఖరున ఆఫీసువాళ్లు తీసుకుని కొలుస్తారు. హద్దు దాటితే ఇంట్లో కూర్చోమంటారు. ఇంట్లో కూర్చుంటే జీతం రాదు. అందుకని మా మహానుభావుడు బ్యాడ్జినే ఇంట్లో కూర్చోబెట్టాడు.

"ఏమయ్యా, నీకు బుర్రుందా? అది కొలవకపోతే నీ ఒంట్లోకి పోయేది పోకుండా ఆగుతుందా?" అని మొదటిరోజే కడిగేశాను.

"అందరూ చేసేదే వదినా. కొందరు బీరువాలో పెడతారు, కొందరు బస్సు సీటు కింద దాస్తారు."

"గేటు దగ్గర చూడరా?"

"చొక్కా మీద చొక్కా, దాని మీద ఆ తెల్ల తొడుగు. లోపల ఏముందో ఎవడు విప్పి చూస్తాడు? బిడ్డ పుట్టేదాకా ఓపిక పట్టు. ఆ తర్వాత నువ్వెలా చెప్తే అలా."

బిడ్డ మాటెత్తితే నా నోరు మూతపడుతుందని అతనికి బాగా తెలుసు.

ప్లాంటు పేలి కొన్నేళ్లయింది. పేలిందంటే ఊరంతా మంటలనుకునేరు, మాకేమీ కనపడలేదు. సైరన్ మోగింది, గాలి ఇటు తిరిగింది, వాన పడింది, అంతే. వచ్చిందంతా ఆ వానతోనే వచ్చింది. తర్వాత పెద్దవాళ్లు మ్యాపు మీద ఒక గీత గీశారు. గీతకి అవతలివాళ్లు ఇళ్లకి తాళాలేసి వెళ్లిపోవాలి, ఇవతలివాళ్లు ఉండొచ్చు. మేము ఇవతల. మా పెరట్లో నిలబడి గట్టిగా తుమ్మితే అవతల వినపడుతుంది, అంత ఇవతల.

మా వైపు వీధులు కడిగారు, ఇళ్ల కప్పులు కడిగారు, బడి ఆవరణలో పైమట్టి గీకి నల్ల సంచుల్లో నింపి ఎక్కడికో తీసుకుపోయారు. పిల్లల్ని వరసగా నిలబెట్టి మెడలు తడిమి చూశారు. పక్కింటి అమ్మాయికి థైరాయిడ్ ఆపరేషన్ అయింది, ఇప్పటికీ మెడకి రుమాలు లేకుండా గుమ్మం దాటదు. మా చెల్లికి రెండు కడుపులు నిలవలేదు. ప్లాంటు వల్లేనా అని డాక్టరమ్మని అడిగితే, కావచ్చు, కాకపోవచ్చు అంది. ఆ మాటంటే నాకు ఒళ్లు మంట. బన్నులో ఈస్టు వేశావా అని అడిగితే వేసి ఉండొచ్చు, వేయకపోయి ఉండొచ్చు అని నేనంటే ఊరుకుంటారా?

ఇది మూడో కడుపు. ఆరో నెల నడుస్తోంది.

చెల్లిని పెంచింది నేనే. నాకు పెళ్లి గిళ్లి లేదు, నాన్న పోయిన దగ్గర్నించీ నా కాపురమంతా ఆ కట్టెల పొయ్యితోనే. అందుకే ఈసారి నేను కాపలా కాశాను. పాత పోస్టాఫీసులో కొలతల గది ఒకటి పెట్టారు. ఎవరైనా తినేది ఏదైనా పట్టుకెళ్తే మిషన్‌లో పెట్టి రేడియేషన్ ఉందో లేదో చెప్తారు. అక్కడుండే ఆవిణ్ణి అందరూ మీటరమ్మ అంటారు. నేను పిండి పట్టుకెళ్లాను, పాలు పట్టుకెళ్లాను, గుడ్లు, వెన్న, నీళ్లు, చివరికి ఉప్పు కూడా. "ఉప్పు కూడానా తల్లీ!" అని ఆవిడ నెత్తి కొట్టుకుంది. అన్నీ శుభ్రం. ఆ కాగితాలన్నీ షాపు అద్దానికి అతికించాను, బయటినుంచి చూస్తే లోపల బన్నులు కనపడనంతగా. చెప్పులు బయట వదలందే ఎవర్నీ రానిచ్చేదాన్ని కాదు. బయటి దుమ్ము తగలకూడదని చెల్లిని షాపూ, దాని వెనకున్న మా ఇల్లూ దాటనివ్వలేదు. పొయ్యి పక్కన, సరిగ్గా ఆ మేకు కింద, దిండు వేసి కుర్చీ పెట్టాను. అక్కడ వెచ్చగా ఉంటుంది. రోజంతా అక్కడే కూర్చుని అట్టపెట్టెలు మడిచేది.

ఒక నెలాఖరున మా మరిది మధ్యాహ్నమే ఇంటికొచ్చాడు. చెల్లి లోపల కునుకు తీస్తోంది. అతని మొహంలో నవ్వూ ఏడుపూ రెండూ ఉన్నాయి.

"నన్ను పనిలోంచి ఆపేశారు వదినా. ఇన్ని నెలల లెక్కా కలిపితే బ్యాడ్జిలో హద్దు దాటిందట."

"ఎవరి బ్యాడ్జిలో?"

"నాదే. మా బ్యాచి మొత్తంలో నాదే ఎక్కువట. పొద్దస్తమానం మెడలో వేసుకుని ఆ కూలిపోయిన గోడల మధ్య పనిచేసినవాళ్లకి సగం కూడా రాలేదు. లోపలికే రాని నా బ్యాడ్జికి వచ్చిందట! ఏమని చెప్పను? సార్, అది మా ఇంట్లో ఉందండీ అనమంటావా? తల ఊపి వచ్చేశాను." గట్టిగా నవ్వాడు. "వాళ్ల మిషన్ పాడైపోయింది."

నాకు నవ్వు రాలేదు. నా చూపు ఆ మేకు మీదికి పోయింది. మేకు మీంచి కిందికి దిగింది. కుర్చీలో దిండు ఇంకా మా చెల్లి కూర్చున్న గుంటతో అలాగే ఉంది.

"మరిదీ, నెలాఖరున ఆఫీసులో ఇవ్వడానికి తప్ప ఆ బ్యాడ్జి ఈ గది దాటి ఎక్కడికైనా వెళ్లిందా?"

"లేదు."

"మరి దానికి ఎక్కడ తగిలింది?"

నవ్వు ఆగిపోయింది. గోడ కేసి చూసి, "వేడికి పాడైపోయుంటుంది. పొయ్యి పక్కన పెట్టాం కదా. అంతే. వేడే," అన్నాడు. రెండోసారి వేడి పేరెత్తినప్పుడు ఆ మాట అతనికే నమ్మబుద్ధి కాలేదు. నాకు తెలిసిపోయింది.

చెల్లికి చెప్పొద్దనుకున్నాం. లేనిపోని దిగులు పెట్టడం దేనికని. కానీ దాచడం నాకు చేతకాదు, నా మొహమే నన్ను పట్టిస్తుంది. మర్నాడు కుర్చీ తీసి కిటికీ దగ్గర వేశాను. గంట తిరక్కుండా తీసి వెనక గదిలో వేశాను. వెనక గది కూడా పొయ్యి గోడకి ఆనుకునే ఉంటుందని గుర్తొచ్చి మళ్లీ తీశాను.

"ఏమైందక్కా నీకు? నన్నూ కుర్చీనీ కలిపి ఊరేగిస్తున్నావు," అంది చెల్లి.

"కాళ్లు కదిలితే మంచిదని డాక్టరమ్మ చెప్పింది."

"మొన్నటిదాకా కదలొద్దని నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరావుగా?"

"అప్పుడు అలా చెప్పింది, ఇప్పుడు ఇలా చెప్పింది. నోర్మూసుకుని కూర్చో."

కాలు కాలిన పిల్లిలా షాపంతా తిరిగాను. బన్నులు మాడ్చాను. పంచదార రెండుసార్లు వేశాను. పిండి మళ్లీ కొలిపించాను, నీళ్లు మళ్లీ కొలిపించాను. శుభ్రం, శుభ్రం. మరి ఏముంది ఈ గదిలో? గోడల్ని అనుమానించాను, నేలని అనుమానించాను, మా మరిది బూట్లని బయటికి విసిరేశాను. రాత్రిళ్లు నిద్ర పట్టదు, పగలు చేతులు ఒకచోట ఉండవు.

అంతలో బడి పంతులమ్మ బకెట్టుతో వచ్చింది. వారానికోసారి వస్తుంది, మా పొయ్యిలో బూడిద పట్టుకెళ్లి పిల్లలు పెంచే కూరగాయల మళ్లలో చల్లిస్తుంది. ఆవిడొక్కతే కాదు, వీధిలో సగం మందికి నా బూడిదే. ఎరువుకొకరు, గిన్నెలు తోమడానికొకరు. ఊరికే ఇస్తాను, అదో గొప్ప నాకు. పొయ్యి కింద రేకు డబ్బాలో పోగయినదాన్ని పారతో ఎత్తి ఆవిడ బకెట్టులో పోయబోయాను. పార గాల్లోనే ఆగిపోయింది.

రేకు డబ్బా మేకు కిందే ఉంది. కుర్చీ పక్కనే.

నోట్లోకి పోయేవన్నీ కొలిపించాను. పొయ్యిలోకి పోయేది ఒక్కసారీ కొలిపించలేదు. కట్టెలు ఎవరు తింటారు గనక?

"ఇవాళ బూడిద లేదండీ," అన్నాను.

"పార నిండా ఉంది కదమ్మా!"

"ఇది బాలేదు. వెళ్లండి." ఆవిడ గుడ్లప్పగించి చూసి, బకెట్టు ఊపుకుంటూ వెళ్లిపోయింది. నా వెనకే నిలబడ్డ మా మరిది ఇదంతా విన్నాడు.

"వదినా, వద్దు," అన్నాడు మెల్లగా. "కట్టెలాయన గీత దాటి కొట్టడు, ఇవతలి అడవివే. నువ్వు లేనిపోనిది కొలిపిస్తే షాపుకి తాళం వేస్తారు. బ్యాడ్జి సంగతి బయటపడితే నాకింక ఏ గేటూ తెరవరు. మనిద్దరం రోడ్డున పడితే నీ చెల్లిని ఎవరు చూస్తారు?"

"వాన గీత చూసుకుని పడిందా?"

"ఇంకో మూడు నెలలు. కుర్చీ మార్చావుగా, చాలు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ అతను కాళ్లు పట్టుకునేలా ఉన్నాడు. అతనికీ భయమే. భయపడేవాణ్ణి తిట్టి ఏం లాభం? ఒక బన్నుల పెట్టెలో బూడిద పోసి, మూతకి టేపు వేసి, కొలతల గదికి నడిచాను.

అక్కడ వరసలో నిలబడ్డాను. నా ముందు ఒకాయన పుట్టగొడుగులు, ఆయన ముందు ఒకావిడ సీసాలో మేకపాలు. పుట్టగొడుగులాయన నా పెట్టె చూసి, "ఓ, బన్నులు తెచ్చావా! మాకు తలా ఒకటి పెట్టేది ఏమన్నా ఉందా?" అని హాస్యమాడాడు. మామూలుగా అయితే నాలుగు తగిలించేదాన్ని. ఆ రోజు పెట్టె మూత మీది టేపు ఇంకోసారి అదిమాను.

మీటరమ్మ నన్ను చూసి నవ్వింది. "ఇవాళేంటి, మిరియాలా?" మూత తీసింది. నవ్వు తగ్గింది. బూడిదని చిన్న డబ్బాలో నింపి మిషన్‌లో పెట్టి తలుపు వేసింది. మామూలుగా చాలాసేపు పడుతుంది. ఆ రోజు ఆవిడ మధ్యలోనే ముందుకి వంగి తెర చూసింది. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది.

"ఇది ఎక్కడిది?" అంది.

వెనక జనం ఉన్నారు. ఎవరో ఇచ్చారని చెప్పొచ్చు. రోడ్డు మీద దొరికిందని చెప్పొచ్చు. నాన్న కట్టిన పొయ్యి, మరిది ఉద్యోగం, అద్దానికి అతికించిన కాగితాలు అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. వాటితోపాటు బడిలో మళ్ల మధ్య మోకాళ్ల మీద కూర్చునే పిల్లలూ తిరిగారు.

"నాది. నా పొయ్యిలోది," అన్నాను. గొంతు తగ్గించడం నాకు రాదు, వరసంతా విన్నది.

మీటరమ్మ ఆ సాయంత్రమే చేతి మిషన్ పట్టుకుని వచ్చింది. చెట్లు ఆ వాననీ, నేలలో దిగినదాన్నీ తాగి బెరడులో దాచుకున్నాయట. కట్టె కాలితే పొగపోగా మిగిలింది గుప్పెడు బూడిద, ఆ గుప్పెట్లో చెట్టంతా దాచుకున్నది ఉంటుందట. ఆవిడ చెప్తూనే ఉంది, చేతిలో మిషన్ టిక్కు టిక్కుమంటూనే ఉంది. గుమ్మం దగ్గర నెమ్మదిగా, బల్ల దగ్గర కాస్త వేగంగా, మేకు దగ్గరికి వచ్చేసరికి ఊపిరి తీసుకోకుండా. చెల్లి గోడకి ఆనుకుని నిలబడి అంతా చూసింది. ఆ చోటే తన చోటని దానికి ఒకరు చెప్పక్కర్లేదు.

"మా బిడ్డకి ఏమవుతుంది?" అని అడిగాను.

"బ్రెడ్డులోకి పెద్దగా దిగి ఉండదు. బూడిద పక్కన కూర్చోవడమే..." అని ఆగింది. "మొత్తం లెక్క వేస్తే ప్రాణం మీదికి వచ్చేంత కాదు. ఇంత తగిలిన పిల్లల్లో ఎక్కువమందికి ఏమీ కాదు."

"ఎక్కువమంది సంగతి నాకెందుకమ్మా? మా బిడ్డకి?"

ఆవిడ మిషన్ ఆపి సంచిలో పెట్టుకుంది.

"కావచ్చు, కాకపోవచ్చు అన్నారంటే ఇక్కడే అరుస్తాను," అన్నాను.

"అనను," అంది ఆవిడ. "నాకు తెలీదు. ఎవరికీ తెలీదు. అమ్మాయిని ఇక్కణ్ణించి పంపించెయ్యండి. నాకు తెలిసింది అదొక్కటే." నా మోచెయ్యి పట్టుకుంది. ఆవిణ్ణి తిట్టలేకపోయాను.

తర్వాత జరిగినవి గబగబా జరిగాయి. పొయ్యి ఆర్పారు, బూడిద డబ్బాలు మూతలు బిగించి తీసుకెళ్లారు, అద్దం మీద నా కాగితాల మీద వాళ్ల కాగితం అతికించారు. నేను ఇంటింటికీ తిరిగి చెప్పాను, నా బూడిద వాడకండి, వాడిన మట్టి ముట్టుకోకండి అని. ఒకావిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఒకావిడ మొహం మీదే తలుపు వేసింది. పంతులమ్మ మాత్రం, పిల్లలు పీకి తిన్న క్యారెట్లని వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ నిలబడిపోయింది. ఆవిడ నన్ను నాలుగు మాటలన్నా బాగుండేది.

మా మరిది తనంతట తనే ప్లాంటు ఆఫీసుకి వెళ్లి బ్యాడ్జి సంగతి చెప్పేశాడు. ఆగిన ఉద్యోగం పూర్తిగా పోయింది. రక్తం తీసుకున్నారు, మెడ చూశారు, ఏవో రాసుకున్నారు. కానీ ఇన్ని నెలలూ ఆ గోడల మధ్య అతని ఒంటికి ఎంత తగిలిందో చెప్పాల్సిన వస్తువు మా మేకుకి వేలాడింది. అది ఇక ఎవరికీ తెలిసే దారి లేదు. "పోనీలే వదినా, నా బదులు మీ లెక్క తేల్చింది," అన్నాడు. ఆ హాస్యానికి ఇద్దరం నవ్వబోయి మానేశాం.

చెల్లిని అతని తల్లిగారి ఊరు పంపాలని అనుకున్నాం. దూరం, గాలి అటు పోలేదు. బట్టలు సర్దుతున్నంతసేపూ చెల్లే నాకు ధైర్యం చెప్పింది.

"నువ్వేం చేస్తావక్కా? నీకేమన్నా తెలుసా? వెచ్చగా ఉంటుందనేగా కూర్చోబెట్టావు."

"నేను కూర్చోబెట్టకపోతే నువ్వు కూర్చునేదానివా?"

"ఆపు. నువ్వు చెప్పకుండా ఊరుకుని ఉంటే? నేనింకా ఈ ఇంట్లోనే ఉండేదాన్ని. నీమీద నాకేమీ లేదు, నమ్ము."

నమ్మాను. దాని మాట అబద్ధం కాదు. నా చెల్లి నాతో అబద్ధమాడదు.

బయల్దేరే రోజు మబ్బుగా ఉంది. మా మరిది అద్దెకి తెచ్చిన కారు గుమ్మం ముందు ఆపి, సంచులు వెనక వేసి, సీట్లో కూర్చుని ఇంజిను స్టార్ట్ చేశాడు. చెల్లి కారు తలుపు పట్టుకుని నిలబడింది. నేను తలకి పోసుకుని, గోళ్లు కత్తిరించుకుని, కొత్త బట్టలు కట్టుకుని బయటికొచ్చాను. పొద్దున్నే మీటరమ్మ వచ్చి నా చేతుల మీదా జుట్టు మీదా మిషన్ తిప్పి చూసింది. శుభ్రం అంది. నా చేతులంత శుభ్రమైన చేతులు ఆ రోజు ఊళ్లో లేవు.

వెళ్లేముందు ఒకసారి బిడ్డ కదలిక చూద్దామని, కడుపు మీద చెయ్యి వేయబోయాను.

చెల్లి వెనక్కి అడుగు వేసింది.

ఆలోచించి వేసింది కాదు. తనకే తెలీకుండా, వేడి పెనం తగిలితే చెయ్యి వెనక్కొచ్చినట్టు. రెండు చేతులూ కడుపు చుట్టూ వేసుకుంది. వేసుకున్నాక తనేం చేసిందో తెలిసింది. మొహం తెల్లబోయింది.

"అక్కా, అది కాదు... నేను కావాలని..."

నా చెయ్యి గాల్లో ఉంది. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. చెల్లిని ఎత్తుకుని తిరిగిన చెయ్యి అది, జ్వరమొస్తే నుదురు చూసిన చెయ్యి. నాకు బాగా కోపం వచ్చింది. ఎవరి మీదా అని అడిగితే చెప్పలేను. ఆ ప్లాంటు మీద, ఆ వాన మీద, తెలీదు తెలీదనే వాళ్లందరి మీద. చెల్లి మీద మాత్రం రాలేదు. దాని స్థానంలో ఉంటే నేను రెండడుగులు వేసేదాన్ని.

చెయ్యి దించేసి నా వెనక దాచుకున్నాను.

"సరిగ్గా చేశావే," అన్నాను. "అలాగే ఉండు. ఎవర్నీ ముట్టుకోనివ్వకు. ఎవరు శుభ్రమన్నా నమ్మకు. నేను చెప్పినా నమ్మకు."

అది వెక్కి వెక్కి ఏడ్చింది. అక్కా, అక్కా అంటూనే ఏడ్చింది. కానీ దగ్గరికి రాలేదు.